ఎడమ అంచున అత్త

మొన్న మా ఇంట్లో కొత్త టీవీ బిగించారు. సగం గోడ ఆక్రమించే టీవీ. బిగించడానికి వచ్చినతను గోడకి మేకులు దిగ్గొట్టి, తీగలన్నీ తగిలించి, ఎలా వస్తోందో చూద్దాం ఏదన్నా ఉంటే ఇవ్వండి అన్నాడు. నా పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అందులో మా పెళ్ళి వీడియో ఉంది. అంత తెర మధ్యలో చిన్న బొమ్మ, దాని చుట్టూ నాలుగు వైపులా నల్లటి ఖాళీ. అతను పాపం నొచ్చుకున్నాడు. "ఇంత టీవీ పెట్టుకుని అగ్గిపెట్టంత బొమ్మేంటండి మేడంగారూ, ఉండండి, నిండుగా చేసేత్తాను" అని రిమోట్ అందుకున్నాడు. "ముట్టుకోకు!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, చేతిలో రిమోట్ ఉన్నపళంగా బల్ల మీద పెట్టేశాడు. పక్కగదిలోంచి మా ఆయన తొంగిచూసి, "దాని జోలికి మటుకు వెళ్ళకు బాబూ, అది చాలా పెద్ద కథ" అన్నాడు. నిజానికి అంత పెద్ద కథేం కాదు. ఒక టీవీకీ నాకూ వారం పాటు జరిగిన తగువు. అందులో నేను గెలిచాను, అంతే.

రెండు వేల ఆరో, ఏడో అయి ఉంటుంది. అప్పటికి మా నాన్న పోయాడు, మేం యానాం కనకాలపేటలో ఆయన కట్టించిన ఇంట్లోనే ఉండేవాళ్ళం. గోదావరి అవతల మా సొంతూరి నుంచి నాన్న రొయ్యల చెరువుల కోసం యానాం వచ్చి స్థిరపడితే, మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి నా దగ్గర స్థిరపడ్డాడు. ఆయనకి ఇనప సామాను పిచ్చి. ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి, మూత లేని కంప్యూటర్ ఒకటి బిగించాడు. దాన్ని నడవా పక్క గదిలో పెట్టి, కిటికీ చువ్వల్లోంచి పొడుగాటి తీగ లాగి నడవాలో ఉన్న టీవీకి తగిలించాడు. పాటలు, సినిమాలు, పిల్లల ఆటలు అన్నీ గదిలో మోగి నడవాలో కనబడాలని ఆయన కోరిక. మోగడం అయితే మోగేవి. కనబడటానికే నానా తంటాలూ. మనుషులు ఒకరోజు పొట్టిగా లావుగా, ఒకరోజు తాటిచెట్లలా వచ్చేవారు. కొన్నిసార్లు మానిటర్‌లో బొమ్మ ఆడుతుంటే టీవీలో నల్లటి గడి మాత్రమే కనబడేది. ఆయన షిఫ్టుల మనిషి కాబట్టి మరమ్మతు నా నెత్తిన పడింది. నాకు కంప్యూటర్ గురించి తెలిసింది సున్నా. అయితే ఒక వస్తువు నన్ను కాదంటే నాకు నిద్ర పట్టదు, ఆ గుణం మా అత్త నుంచి వచ్చింది.

అత్త అంటే మా ఆయన తల్లి కాదు, మా నాన్నకి అక్క. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. నూనె రాయడానికి కూర్చోబెడితే నా తల రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి కదలనిచ్చేది కాదు. ఆవిడ పెళ్ళి కూడా యానాంలోనే జరిగింది. అప్పట్లో ఇది ఫ్రెంచివాళ్ళ ఊరు. చుట్టూ ఉన్న ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో పసిపిల్లలకి పెళ్ళి చేయకూడదని చట్టం వస్తే, ఆ చట్టం ఇక్కడ చెల్లదు కదా అని జనం పడవలకెత్తి పిల్లల్ని తెచ్చి, మూడు ముళ్ళూ వేయించుకుని పోయేవారు. అలా తొమ్మిదేళ్ళకి పడవెక్కి వచ్చింది అత్త. ఆ పెళ్ళిలో ఆవిడకి గుర్తున్నవి రెండే: పడవలో నిద్ర ముంచుకొచ్చిందట, పెళ్ళికొడుకు తన చేతిలో బెల్లంముక్క లాక్కున్నాడట. ఆవిడ పదహారో ఏట ఆ బెల్లంముక్క లాక్కున్న మనిషి పోయాడు. అక్కడి నుంచి యాభై ఏళ్ళకి పైగా ఆవిడ ఏ పెళ్ళిలోనూ పందిట్లోకి రాలేదు. వంటల దగ్గర ఉండేది, లేదా స్టోరుగదిలో కొబ్బరికాయలు లెక్కపెడుతూ ఉండేది.

నా పెళ్ళిలో కూడా అంతే అన్నారు. భార్య పోయిన మా నాన్న పందిరంతా తిరుగుతూ అందరినీ భోజనాలకి లేపాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. పీటల మీద కూర్చోవడానికి మాత్రం దంపతులు కావాలి కాబట్టి పెదనాన్న, పెద్దమ్మ కన్యాదానం చేశారు. అత్తని పందిట్లోకి పిలవమని నేను ఏడిస్తే పెదనాన్న నా బుగ్గ నిమిరి, "అక్కయ్యకి పద్ధతి తెల్సమ్మడూ, నువ్వు ఇబ్బంది పెట్టకు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. నాకు మొదటి సైకిల్ కొనిచ్చింది ఆయనే. ఒకరి బాధని ఒక మంచిమాటతో మూసేయడంలో మాత్రం ఆయన దిట్ట.

ఆ దసరా వెళ్ళిన రెండో వారంలో పెదనాన్న మా ఇంటికి వచ్చాడు. ఆయన మనవరాలికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల రెండేళ్ళు మా ఇంట్లో ఉండి యానాంలోనే చదువుకుంది. పొద్దున్నే దాని కారేజీ కట్టింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది అత్తే. పెదనాన్న టీ తాగుతూ, వచ్చే ఆదివారం అందరం ఇక్కడే కలుద్దాం, నీ పెళ్ళి క్యాసెట్ వేసి చూస్తే పందిరి ఎలా వేయించామో, ఎవరికి ఏం పెట్టామో గుర్తొస్తుంది అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. గుమ్మం దగ్గర చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న అత్తని చూసి, "స్టోరుగది పెత్తనం ఎప్పట్లాగే నీదే అక్కయ్యా" అన్నాడు. అత్త తలెత్తలేదు. ఆయన వెళ్ళాక చాలాసేపటికి, చిక్కుళ్ళతోనే చెబుతున్నట్టు, "దాని మెళ్ళో ముళ్ళు పడేటప్పుడు ఎదురుగుండా నిలబడి చూడాలనుందే" అంది. ఆవిడ ఫలానాది కావాలని అడగడం నా జన్మలో అదే మొదలు.

క్యాసెట్‌కి బూజు పడుతోందని ఆ ఏడాదే కాకినాడలో సీడీల్లోకి మార్పించాం. ఆదివారానికి సరిగ్గా వస్తుందో లేదో చూద్దామని మర్నాడు మధ్యాహ్నం గదిలో సీడీ పెట్టాను. మానిటర్ మీద నా పెళ్ళి ఆడుతోంది. పదకొండేళ్ళలో ఆ వీడియో కనీసం ముప్పై సార్లు చూసి ఉంటాను, ఎప్పుడూ టీవీలోనే. గట్టిమేళం మొదలైంది, మా ఆయన ముడి వేయడం రాక తడుముకుంటున్నాడు, అందరూ అక్షింతలు వేస్తున్నారు. అప్పుడు ఎడమ అంచున ఏదో తెల్లగా కదిలింది. ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పందిరి గుంజ పక్కన, నీలం అంచు తెల్లచీర కట్టుకుని, అత్త. గుప్పిట్లోంచి అక్షింతలు విసిరింది. నా మీదికే విసిరింది. విసిరి, రెండు చేతులూ తలకేసి మెటికలు విరిచి, గుంజ వెనక్కి తప్పుకుంది. అంతా కలిపి ఆరేడు సెకన్లు. అప్పుడు నేను తల వంచుకుని ఉన్నాను, మిగతావాళ్ళు తాళి చూస్తున్నారు. అందరి కళ్ళుగప్పి వచ్చి దీవించి పోయింది మా అత్త.

నడవాలోకి వెళ్ళి అదే బొమ్మ టీవీలో చూస్తే అత్త లేదు. గుంజ కూడా లేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ కాలపు టీవీలన్నిటికీ అంచులు మింగే అలవాటు ఉందని. వచ్చిన బొమ్మని కాస్త సాగదీసి, నాలుగంచులూ తన చట్రం వెనక దాచేసుకుంటుంది. చట్రం దాచేసిన ఆ బెత్తెడు మేరలోనే అత్త నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిణ్ణి పక్కన నిలబెట్టింది మనుషులు. ఆ పక్కని కూడా కోసేయడానికి ఈ డబ్బా ఎవరు?

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ విని, "లోపలికి పిలిచి మానిటర్‌లో చూపించొచ్చుగా పెదనాన్నగారికి" అన్నాడు. చూపించొచ్చు. ఆయన ఒక్కడే గదిలోకొచ్చి, చూసి, కళ్ళు తుడుచుకుని, ఈ సంగతి మనలో ఉంచుదామమ్మడూ అని నా బుగ్గ నిమిరి వెళ్ళిపోతాడు. నాకు అలా వద్దు. నడవాలో, పది మందిలో, పెద్ద టీవీలో కనబడాలి. ఆ అక్షింతలు పడ్డ కాపురమే ఇది, నేనూ నా ఇద్దరు పిల్లలూ దానికి సాక్ష్యం, ఇక ఎవరేం మాట్లాడతారో మాట్లాడండి అని అడగాలి.

అలా మొదలైంది తగువు. మొదట టీవీ తిప్పి, వెనక ఉన్న చిల్లుల్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. బొమ్మ కిందికి జారిపోయి అందరి తలలూ కాళ్ళ దగ్గరకొచ్చాయి, ఎలా తిప్పానో అలాగే వెనక్కి తిప్పి దణ్ణం పెట్టాను. కంప్యూటర్‌లో తెర కొలతలు మారిస్తే టీవీ నిండా గీతలు పరిగెత్తాయి. చివరికి ఫరంపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాను. "ఆయ్, చాలా వీజీ అండి. కీబోర్డుకి కుడిపక్కన అంకెలుంటాయి కదండి, కంట్రోలు నొక్కిపెట్టి ఆరు కొడితే బొమ్మ కుడికి జరుగుద్దండి, నాలుగు కొడితే ఎడమకండి. ఉత్త ఒకటి కొడితే చిన్నదైపోద్దండి, తొమ్మిది కొడితే పెద్దదండి. మీరు చిన్నది చేసేసుకోండి, అంచులన్నీ లోపలికొచ్చేత్తాయి" అన్నాడు. కొట్టాను. ఆరు పని చేసింది, నాలుగు పని చేసింది, తొమ్మిది అయితే అడగకుండానే మా ఆయన ముక్కుని తెరంతా పరిచింది. ఒకటి మటుకు పని చేయలేదు. ఎంత కొట్టినా బొమ్మ పిసరంత తగ్గలేదు. సరే, ఇంటి గుణమే దీనికీ వచ్చింది, పెరగమంటే పెరుగుతుంది, తగ్గమంటే తగ్గదు అనుకున్నాను.

గదిలోంచి టీవీ కనబడదు. అందుకని నడవాలో అత్తని కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు. నేను గదిలో మీట కొట్టడం, చిన్నది చేయని ఒకటిని తిట్టుకోవడం, ఆవిడ కిటికీలోంచి కేకెయ్యడం. "కుడికి జరిగిందే... ఇంకాస్త... ఇప్పుడు నీ పెద్దమ్మ జడ తెగింది..." నాలుగు మధ్యాహ్నాలు అదే పని. నాలుగోరోజు గట్టిమేళం దగ్గర ఆపి, ఆరు కొట్టుకుంటూ పోయాను. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. కిటికీలోంచి మాట రాలేదు. "ఏంటత్తా, ఏం కనబడుతోంది?" అని అడిగాను. లేచి వెళ్ళి చూస్తే, టీవీకి మూరెడు దూరంలో నిలబడి, గుంజ పక్కన చెయ్యెత్తి ఆగిపోయిన తనని తను చూసుకుంటోంది.

"ఆపెయ్యవే" అంది.

"ఎందుకాపాలి?"

"ఎవరూ చూళ్ళేదనుకున్నాను." ఆవిడ గొంతు పసిపిల్ల గొంతులా ఉంది. "ఒక్క గుప్పెడే. నీకేమైనా అవుద్దేమోనని ఆ సంవత్సరమంతా నిద్రపోలేదు."

నాకు మొదటి కాన్పు కష్టమైనప్పుడు ఆవిడ తలుపు దగ్గర నిలబడి తనని తను కొట్టుకుందని, అందరూ ఆపాల్సి వచ్చిందని తర్వాత విన్నాను. అప్పుడు ప్రేమనుకున్నాను. ప్రేమే, కాని అందులో ఇంత భయం ఉందని తెలియదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, నాకేమయిందో నువ్వే చూసి చెప్పు, ముక్కుకి సూటిగా ఎదురు చెప్పే మొగుడు, ఇల్లు పీకి పందిరేసే పిల్లలు, ఇంతకంటే ఏం కావాలి అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత టీవీకేసి చూసింది. "కనబడితే కనబడనీ" అని కొంగు దోపుకుని వంటింట్లోకి పోయింది.

ఆదివారం పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ కొడుకూ కోడలూ, పెళ్ళికూతురు, ఇంకో ముగ్గురు దగ్గరివాళ్ళూ వచ్చారు. రొయ్యల వేపుడు, పులస కాలం అయిపోయిందని పెదనాన్న విచారం, భోజనాలు అయ్యాయి. అందరూ టీవీ ముందు చేరారు. నేను గదిలో కీబోర్డు దగ్గర, అత్త నా పక్కన ముక్కాలిపీట మీద. నడవాలో పెదనాన్న ఒక్కొక్కరినీ చూపించి చెబుతున్నాడు. ఆ వీడియోలో ఆయనది కుడి చివర. పట్టు కండువా సర్దుకుంటూ, పెళ్ళంతా తన చేతి మీద జరుగుతున్నట్టు నిలబడి ఉంటాడు, జరిగింది కూడా అలాగే. గట్టిమేళం మొదలవగానే నేను ఆరు మీద వేలు పెట్టాను. బొమ్మ చిన్నది కాదు కదా, జరపడం ఒక్కటే దారి. ఎడమ నుంచి అత్త లోపలికి వస్తే, కుడి నుంచి ఒకరు బయటికి పోక తప్పదు.

"ఏయ్, నేనెక్కడే? నేనేమైపోయాను?" అని ముందుగా పెదనాన్న గొంతు వినబడింది. మేళం ఒక్కటే మోగుతోంది. నేను అక్కడ ఆపేసి గుమ్మంలోకి వచ్చాను. తెర మీద అత్త చెయ్యి గాల్లో ఉంది, అక్షింతలు ఇంకా వేళ్ళు వదల్లేదు.

పెదనాన్న కుర్చీలో ముందుకి వంగాడు. "అక్కయ్యా" అని పిలిచాడు, కిటికీకేసి చూసి. "పందిట్లోకి వచ్చావా నువ్వు?"

"వచ్చాను" అంది అత్త గదిలోంచి.

"అక్షింతలేశావా?"

"ఏశాను. పదకొండేళ్ళయింది. దానికేం తక్కువైందో నువ్వే చెప్పరా తమ్ముడూ."

ఆయన నాకేసి చూశాడు. అంతకుముందే నా చిన్నాడు ఆయన కండువాకి చెయ్యి తుడిచి పారిపోయాడు. జవాబు దొరకనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే చేశాడు, కోపం తెచ్చుకున్నాడు. "అది సరే, కన్యాదానం చేసినోణ్ణి, నన్ను తీసి అవతల పారేశారేంటి? ఇదేం పద్ధతి?" అన్నాడు. నేను వారం నుంచి నోట్లో నానబెట్టుకున్న మాట అనేశాను. "ఈ టీవీలో ఒకరే పడతారు పెదనాన్నా. ఇన్నాళ్ళూ మీరు పడ్డారు. కాసేపు మీరు స్టోరుగదిలో ఉండండి." పెద్దమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన గోడ మీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు. పెదనాన్న ముఖం ఎర్రగా అయింది, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. లేచి వెళ్ళిపోతే ఇక మా ఇంటి గడప తొక్కడని నాకు తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకునేదాన్ని కాదు.

"ఒసేయ్, ఇటు రా. ఈ ఒకటి మీట కిందకి దిగట్లేదే" అంది అత్త లోపలి నుంచి.

వెళ్ళి చూశాను. ఆవిడ కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళకి దగ్గరగా ఎత్తి చూస్తోంది. దసరాకి స్కూటర్‌కీ, గ్రైండర్‌కీ, కత్తిపీటకీ గంధం కుంకుమా పెట్టినట్టే, కంప్యూటర్‌కి తక్కువ చేయకూడదని మా ఆయన ఆ అంకెల మీద గంధం దట్టంగా పట్టించాడు. నేను మర్నాడు పైపైన తుడిచాను. లోపలికి దిగిందంతా ఎండి, ఒకటిని పట్టుకుని కూర్చుంది. నేను వారం రోజులు ఆ మీట నెత్తిన కొట్టాను కాని, అది దిగుతోందో లేదో చూడలేదు. అత్త జాకెట్టుకున్న పిన్నీసు తీసి, మీట చుట్టూ ఓపిగ్గా గీకింది. గంధం పొట్టు ఆవిడ తెల్లచీర మీద రాలింది. ఊదింది. వేలు పెట్టి నొక్కింది.

బొమ్మ కొంచెం తగ్గింది. మళ్ళీ నొక్కింది, ఇంకొంచెం. నేను నాలుగు కొట్టి బొమ్మని మధ్యకి తెచ్చాను. నాలుగు వైపులా నలుపు వచ్చి, ఆ నలుపు మధ్యలో పందిరి మొత్తం కనబడింది. ఎడమ చివర చెయ్యెత్తిన అక్క, కుడి చివర కండువా తమ్ముడు, మధ్యలో తల వంచుకుని నేను. నడవాలోకి వచ్చి అత్త తమ్ముడి కుర్చీ పక్కన నిలబడింది. "నువ్వూ ఉండాల్రా, నువ్వు లేకుండా దాని పెళ్ళేంటి?" అంది. పెదనాన్న లేవబోయినవాడు కూర్చుండిపోయాడు. చాలాసేపు చూశాడు. "చుట్టూ ఆ నలుపేంటి, శుభమా అని" అని గొణిగాడు గాని, తీసెయ్యమనలేదు.

మనవరాలి పెళ్ళికి అత్తని పందిట్లోకి రమ్మని ఆయన చివరి దాకా నోరు తెరిచి అనలేదు. రావద్దనీ అనలేదు. గట్టిమేళం వేళకి అత్త స్టోరుగది తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, నేరుగా వెళ్ళి పెళ్ళికూతురికి ఎదురుగా నిలబడింది. వీడియో అతను కెమెరాలోంచి చూసి, "మామ్మగారూ, ఫ్రేములో అడ్డం వస్తున్నారండి, కొంచెం పక్కకి జరగండి" అన్నాడు. పక్కనే ఉన్న పెదనాన్న నేలకేసి చూశాడు. అత్త అక్షింతల గుప్పిట బిగించి, కదలకుండా, "నువ్వే జరుగు బాబూ, వెనక్కి. అందరం పడతాం" అంది. అతను జరిగాడు.

ఇప్పుడు పెదనాన్న లేడు, అత్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ నలుపుతో సహా కాపీ చేయించుకున్న వీడియో మాత్రం నా దగ్గరుంది. ఈ లోపు మా నడవాలో మూడు టీవీలు మారాయి, వచ్చిన ప్రతిదీ పాతదానికంటే పెద్దది, ప్రతిదీ నిండుగా చేస్తానంటూ ముందుగా ఆవిడ ఉన్న వైపే కోయబోయింది. కాలం చేసే పనీ అదేనని నాకు తెలుసు, కాని ఈ ఇంట్లో రిమోట్ ఇంకా నా చేతిలోనే ఉంది.